గాడ్‌ఫాదర్... రామాయంపేట నుంచి చూస్తే!

ప్రపంచంలోని గొప్ప సినిమాల జాబితా ఎవరు రాసినా 'ది గాడ్‌ఫాదర్' పేరు పైవరసలోనే ఉంటుంది. ఆ సినిమాని మెదక్ జిల్లా రామాయంపేట గడ్డ మీద నిలబడి చూస్తే? అంత గొప్పగా కనిపించదు. ఎందుకో తెలియాలంటే ముందు ఊరి సంగతి తెలియాలి.

హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి బయల్దేరితే మేడ్చల్, తూప్రాన్, చేగుంట దాటాక వచ్చేది రామాయంపేట. ఇంకొంచెం ముందుకెళ్తే కామారెడ్డి. ఎడమ చేతికి మళ్లితే మెదక్, కుడి చేతికి మళ్లితే సిద్దిపేట. నాలుగు దారుల కూడలి. రైలెక్కాలంటే పక్కనే అక్కన్నపేట స్టేషనుంది. అక్కడి నుంచి మెదక్‌కు వేసిన 17 కిలోమీటర్ల లైనులో 2022లో రైలు కూత వినిపించింది. ఒకప్పుడు రామాయంపేట పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. పునర్విభజనలో ఆ పేరు పోయింది, 2009 ఎన్నికల నుంచి బ్యాలెట్ మీద రామాయంపేట లేదు. ఇక్కడివాళ్ల బతుకు నీళ్లు లేని సేద్యం, బీడీల చాట, దుబాయి వీసా... ఈ మూడింటి చుట్టూ తిరిగింది.

పేరుకు ఊరు, పగకు కారణం

ఇలాంటిదే మరో ఊరు ఇటలీలో ఉంది. సిసిలీ దీవిలోని కోర్లియోనె. మారియో పూజో 1969లో రాసిన నవలలో డాన్‌కు ఇంటిపేరైంది ఆ ఊరే. 1972లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా దాన్ని సినిమాగా తీశాడు. మూడు ఆస్కార్‌లు వచ్చాయి. దాంతో కోర్లియోనె పేరు ప్రపంచమంతా మార్మోగింది. తమాషా ఏమిటంటే, సినిమాలో కనిపించే ఊరు కోర్లియోనె కాదు! అప్పటికే అది కాస్త కొత్తరూపు తెచ్చుకుంది. పాతకాలపు పల్లె కావాలని యూనిట్ దీవి తూర్పు కొసకు వెళ్లి సవోకా, ఫోర్సా ద'ఆగ్రో అనే ఊళ్లలో షూటింగ్ చేసింది. పేరొకరిది, రూపం ఇంకొకరిది.

డాన్ కొడుకు మైకేల్ ఆ వీధుల్లో నడుస్తూ ఓ మాట అడుగుతాడు, ఈ ఊళ్లో మగవాళ్లంతా ఏరని. పగలతో చచ్చిపోయారని జవాబొస్తుంది. చూసేవాళ్లకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. రామాయంపేట చుట్టుపక్కల పల్లెవాళ్లకు మాత్రం ఆ జవాబు అతకదు. మగవాళ్లు లేని వీధులు వాళ్లకు కొత్త కాదు. మస్కట్‌కో, దుబాయికో పోయినవాళ్ల ఇళ్లలో అమ్మలు, ఆలులు, పిల్లలే ఉంటారు. సిసిలీ పల్లెలు ఖాళీ అయిందీ చాలావరకు అలాగే... పొట్ట చేతపట్టుకుని లక్షలాది మంది అమెరికా ఓడలెక్కారు. ఆ వలస కథని సినిమా ఒక్క పగ మాటలో చుట్టేసింది.

ఆ ఏళ్లలో అక్కడా, ఇక్కడా

అసలు విషయం ఇంకోటుంది. కథలో మైకేల్ సిసిలీలో దాక్కున్నది రెండో ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాతి ఏళ్లలో. సరిగ్గా అప్పుడే నిజమైన కోర్లియోనెలో పేద రైతులు జమీందార్ల బీడు భూముల్లోకి నాగళ్లతో దిగారు. వాళ్లకు ముందు నడిచింది ప్లాసిడో రిజ్జొట్టో అనే యువ సంఘ నాయకుడు. 1948 మార్చిలో మాఫియా అతణ్ని ఎత్తుకుపోయి చంపేసి, కొండ లోయలో పడేసింది. దొరికిన ఎముకలు అతనివేనని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది 2012లో! అరవై నాలుగేళ్ల తర్వాత ఇటలీ ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేసింది.

మరి ఆ రోజుల్లో తెలంగాణలో? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. దొరల గడీల మీద జనం తిరగబడ్డారు. రెండు నేలలు, ఒకే కాలం, ఒకే తగాదా. భూమి ఎవరిది? ఈ ప్రశ్న గాడ్‌ఫాదర్‌లో లేదు. మాఫియా ఎవరి పొట్ట కొట్టి బతికిందో ఆ రైతులు కథలోకి రారు.

సినిమా మొదలయ్యేది పెళ్లి సందడితో. శవపేటికల పని చేసే బొనసెరా చీకటిగదిలో నిలబడి తన కూతురికి జరిగిన అన్యాయం చెప్పుకుంటాడు. కోర్టు న్యాయం చెయ్యలేదంటాడు. డాన్ చేయిస్తానంటాడు. బదులు? ఎప్పుడో ఓ పని చేసిపెట్టాలి. గోర్డన్ విల్లిస్ కెమెరా, నినో రోటా సంగీతం, మార్లన్ బ్రాండో గొంతు... ముగ్గురూ కలిసి ఆ గదిని గుడిలా మార్చేశారు. తెలంగాణ పల్లెకు ఆ గది తెలుసు. దాని పేరు గడీ. అక్కడ దొర చేసిన మేలుకు తరాల తరబడి వెట్టి చేసి అప్పు తీర్చాల్సి వచ్చేది.

ఇదంతా మైకేల్ పతనాన్ని చూపించడానికేనని సినిమా అభిమానులు అంటారు. నిజమే. కానీ పడిపోయినవాడి మీదే మన జాలంతా ఖర్చవుతుంది. బాంబు పేలి చచ్చిపోయిన అపొలోనియా, మొగుడి చేతి దెబ్బలు తిన్న కానీ, ముఖం మీద తలుపు మూసుకున్న కే... వీళ్లకి మిగిలిందెంత? పైగా పూజో తాను నిజమైన గ్యాంగ్‌స్టర్‌ని ఎన్నడూ కలవలేదని, అంతా చదివి రాశానని ఒప్పుకున్నాడు. తర్వాత నిజమైన గ్యాంగ్‌స్టర్లే ఆ సినిమా చూసి నడకలు, మాటలు నేర్చుకున్నారు!

మన నేల మీదే ఉంది జవాబు

మనవాళ్లూ ఆ మత్తులో పడకపోలేదు. రామ్‌గోపాల్ వర్మ 'గాయం' (1993) మీద, 'సర్కార్' (2005) మీద గాడ్‌ఫాదర్ నీడ స్పష్టంగా పడింది. అయితే అంతకుముందే మెదక్ జిల్లా వేరే దారి చూపించింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన 'మా భూమి' షూటింగ్ జరిగింది ఈ జిల్లా మంగళపర్తిలో. కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. నిర్మాత బి.నర్సింగరావుది ఒకనాటి మెదక్ జిల్లాలోని ప్రజ్ఞాపూర్. అందులో బండి పాట పాడుతూ కనిపించే గద్దర్‌ది ఇదే రహదారి మీదున్న తూప్రాన్. అక్కడ కోర్లియోనెని వదిలేసి అందమైన ఊరు వెతుక్కున్నారు. ఇక్కడ మాత్రం పల్లెని పల్లెగానే చూపించారు.

ఆ తర్వాత నర్సింగరావు 'దాసి' (1988) తీశాడు. అదీ పెద్దింటి కథే. చీకటి గదులు, మూసిన తలుపులు అందులోనూ ఉన్నాయి. కానీ కెమెరా దొర కుర్చీ పక్కన కూర్చోలేదు, దాసి వెంట నడిచింది. అర్చనకు ఉత్తమ నటితో సహా అయిదు జాతీయ అవార్డులొచ్చాయి. అయినా దాని డీవీడీ కోసం వెతికినవాళ్లకు తెలుసు, దొరకడం ఎంత కష్టమో. గాడ్‌ఫాదర్ మాత్రం ఏ మూలైనా దొరుకుతుంది.

కోర్లియోనె ఇప్పుడు తన పేరు తాను కడుక్కుంటోంది. అక్కడో మాఫియా వ్యతిరేక మ్యూజియం ఉంది. మాఫియా పెద్దల నుంచి స్వాధీనం చేసుకున్న భూముల్లో రిజ్జొట్టో పేరు పెట్టుకున్న సహకార సంఘం పంటలు పండిస్తోంది. బొనసెరా ఏ డాన్ చేతినీ ముద్దాడకుండా న్యాయం దొరికే కథ అది. యాభై ఏళ్లు దాటినా దాన్ని ఎవరూ అంత గొప్పగా తీయలేదు. రామాయంపేట కూడలిలో బస్సు దిగినవాళ్లకు మంగళపర్తి దూరమేమీ కాదు. గొప్ప సినిమా ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలంటే సిసిలీ దాకా వెళ్లనక్కర్లేదు.