జిగురు పోవాలి, పసుపు ఉండాలి

మా నానమ్మ పూజ పెట్టెలో రెండు వెండి రూపాయలుండేవి. ఒకదాని మీద ఏడో ఎడ్వర్డ్, ఇంకోదాని మీద విక్టోరియా. ఆ పేర్లతో నానమ్మకి పనిలేదు. 'గడ్డం రాజు', 'కిరీటం రాణి' అనేది. వరలక్ష్మీ వ్రతం నాడు రెంటికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, కలశంలో బియ్యం మీద వేసేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నరసరావుపేటలో మా స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. నా చార్టు 'నాణేల చరిత్ర'. బొమ్మలు గీస్తే ఎవరు చూస్తారు, అసలు నాణేలే పెడదాం అనుకున్నా. నానమ్మని బతిమాలి తెచ్చి, సూపర్ గ్లూతో అట్టకి అంటించా. చివరికి ప్రైజూ రాలేదు, నాణేలూ ఊడి రాలేదు.

గడ్డం రాజుని చాకుతో పెకిలించా. వెనక మిగిలిన జిగురుని బ్లేడుతో గీకా. అదీ చాలక టూత్‌పేస్ట్ వేసి పాత బ్రష్షుతో రెండు వైపులా తోమా. తళతళా మెరిసిపోయింది. నేనేదో సాధించాననుకున్నా. తర్వాత ఎప్పుడో నాన్న వెండి కొట్టులో చూపిస్తే, ఆయన అద్దం పెట్టి చూసి, "దీనికిక వెండి రేటేనండీ, నాణెం రేటు రాదు" అన్నాడట. రాజుగారి చెంప నిండా సన్నటి గీతలు.

నానమ్మ తిట్టలేదు. "పోనీలేరా, రాణి ఉందిగా" అంది. వీపుకి అట్ట ముక్క అంటుకునే ఉన్న రాణిని అట్టాగే పెట్టెలో పెట్టేసుకుంది. మళ్ళీ దాన్ని ముట్టుకునే ధైర్యం నాకు రాలేదు.

నానమ్మ పోయాక ఆ పెట్టె మా ఇంటికొచ్చింది. "ఈసారి వ్రతానికి అమ్మ ఇది కలశంలో వేస్తానంటోంది. ఆ జిగురు తియ్యగలవేమో చూడు, ఇంజనీరింగ్ చదువుతున్నావుగా" అన్నాడు నాన్న. అప్పుడు మొదటిసారి దాన్ని సరిగ్గా చూశా. 1901 నాటిది. పాత రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. అందులో వెండి 91.7 శాతం, మిగతాది రాగి.

ఈసారి చదివి మరీ మొదలుపెట్టా. పాత వెండి మీద కనిపించే నలుపు మురికి కాదు. గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడే సిల్వర్ సల్ఫైడ్ పొర. అది నాణేనికి వచ్చిన వయసు. సేకరించేవాళ్ళు దాన్ని చూసే విలువ కడతారు. టూత్‌పేస్ట్‌లో మెత్తటి గరుకు పొడి ఉంటుంది. అది ఆ పొరతో పాటు కింద వెండినీ గీరేస్తుంది. జిగురు సంగతి వేరు. అది బయటి నుంచి వచ్చింది కాబట్టి దాన్ని రుద్దకుండా కరిగిస్తే చాలు. సూపర్ గ్లూని మెత్తబరిచేది అసిటోన్. వెండిని అది ఏమీ చెయ్యదు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో రంగులు, నూనెలు, సెంటు కలుస్తాయి కాబట్టి అది వద్దు.

కెమిస్ట్రీ ల్యాబ్‌లో సార్ పర్మిషన్ తీసుకున్నా. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో బర్నర్ లేకుండా, తెరిచిన కిటికీ పక్కన కూర్చున్నా. గాజు గిన్నెలో అసిటోన్ పోసి నాణేన్ని మొత్తం ముంచేద్దామనేది నా ప్లాను. ముంచేముందు ఎందుకైనా మంచిదని దూది తడిపి అంచుకి తాకించా.

దూది పచ్చగా అయింది.

అది నానమ్మ పసుపు. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ అసిటోన్‌లో చక్కగా కరుగుతుంది. నాణెం తిప్పి చూస్తే రాణి జుట్టులో, కిరీటం సందుల్లో, అక్షరాల మూలల్లో ఎన్నో వ్రతాల పసుపు గట్టిపడి ఉంది. ముంచితే జిగురుతో పాటు అదీ పోతుంది. లెక్క ప్రకారం రెండూ బయటి నుంచి వచ్చి అంటుకున్నవే. కానీ ఒకటి నేను అంటించింది, ఒకటి ఆమె అంటించింది.

ముంచడం మానేశా. రాణి మొహం కిందకి పెట్టి, అసిటోన్‌లో తడిపి పిండిన చిన్న దూది ముక్కని జిగురు మీద మాత్రమే ఉంచి, ఆరిపోకుండా పైన చిన్న బీకరు బోర్లించా. ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపా. జిగురు మెల్లగా ఉబ్బి జెల్లీలా అయింది. దాన్ని వెదురు టూత్‌పిక్‌తో గీకకుండా పక్కకి నెట్టా. అట్ట పీచు, జిగురు పొరలు పొరలుగా వచ్చాయి. రెండు సాయంత్రాలు పట్టింది. చివర్లో మెత్తటి గుడ్డతో అద్దానే గానీ తుడవలేదు.

చింతపండు ఉండగా ఇంత తతంగం ఎందుకని మీరనచ్చు. చింతపండు పులుపు ఇత్తడి చెంబుకి బాగుంటుంది. పాత నాణేనికైతే దాని వయసుని కడిగేస్తుంది. మన నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల నాణేలు సీసంవి. సీసానికి వెనిగర్ లాంటి ఆమ్లం తగిలితే ఇంక చెప్పక్కర్లేదు, లోహాన్నే తినేస్తుంది. కాబట్టి పల్నాడులో మీకెవరికైనా పొలంలో పాత నాణేలు దొరికితే అసలు కడగొద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కి తెలియజేయాలి కూడా.

ఇంటికి తీసుకెళ్ళాక అమ్మ నాణెం వెనక్కి తిప్పి చూసి సంతోషపడింది. ముందుకి తిప్పి, "ఇటేందిరా ఇట్టా వదిలేశావు? చింతపండుతో ఒకసారి తోమనా?" అంది.

"వద్దమ్మా. అది నానమ్మ పసుపు" అన్నా.

అమ్మ కాసేపు చూసింది. ఏమీ అనకుండా వేలితో ఇంత కొత్త పసుపు తీసి, పాతదాని పక్కనే రాసి కలశంలో వేసింది.

గడ్డం రాజు ఇప్పుడు నా పర్సులో ఉన్నాడు. ఆ గీతలు నావి. అవి ఏ అసిటోన్‌తోనూ పోవు.