వెనుక సీటు విలువ

మన ఇళ్ళల్లో కారు ఒక్కరి కోసం కొనరు. హోసూరు నుంచి పెళ్ళికో, తిరుపతికో బయలుదేరితే ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు. ఆ ముగ్గురి నడుమ సర్దుకుని కూర్చునేది దేనికీ అడ్డు చెప్పని మనిషి: అమ్మమ్మో, చిన్నత్తో. అందుకే ఏ కొత్త కారునైనా నేను వెనుక తలుపు తీసి చూస్తాను.

2023 మార్చిలో హ్యుందాయ్ వెర్నాను పూర్తిగా మార్చి తెచ్చారు. శ్రీపెరుంబుదూరు దగ్గర తయారైన బండి, అంటే మనకు ఇరుగుపొరుగుదే. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 2,600 మిల్లీమీటర్ల నుంచి 2,670కి పెరిగింది. పెరిగింది నాలుగు వేళ్ళ వెడల్పే. దాని విలువ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను అడగాలి. డిక్కీ 528 లీటర్లు; పెళ్ళి సామాను పడుతుంది.

అందరూ మెచ్చుకున్నది ఎదుటి రెండు పెద్ద తెరలను. నాకు నచ్చింది వేరు. అప్పటి ప్రారంభ ధర 10.90 లక్షల రకంలోనే ఆరు ఎయిర్‌బ్యాగులు, వెనుక నడిమి మనిషికి సైతం భుజం మీదుగా వచ్చే బెల్టు ఇచ్చారు. అదే ఏడాది గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి.

కప్పు వెనక్కి వాలింది కనుక తల వంచి ఎక్కాలి. సీటు కిందికి ఉంటుంది కనుక పెద్దవాళ్ళకు చెయ్యి అందించాలి. ఇంట్లో మనుషులుంటే ఇవి పెద్ద లోట్లు కావు.

"వెనకాల వాళ్ళకు బెల్టెందుకురా?" అంటారు పెద్దవాళ్ళు. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పోయిన సైరస్ మిస్త్రీ వెనుక సీట్లో బెల్టు లేకుండానే కూర్చున్నారని పోలీసులు చెప్పారు.

కొనబోయేవారు షోరూములో వెనుక నడుమ ఐదు నిమిషాలు కూర్చోండి. బెల్టు పెట్టుకుని మరీ చూడండి. బేరం తర్వాత.