సీసపు బిళ్లమీద ఒక ఉద్యోగి ప్రార్థన



కాన్‌స్టాంటినోపుల్ అనగానే మనకు చక్రవర్తులు, మహాసభలు, బిషప్పుల వాదములు జ్ఞాపకమునకు వచ్చును. మేము థియాలజీ డిప్లొమా చదివిన దినములలో సంఘ చరిత్ర పరీక్షకు కంఠతా పెట్టినవి అవియే. అయితే ఆ బైజాంటియా రాజ్యమును దినదినము నడిపినవారు కచేరీలలోని లేఖకులు, పన్నుల అధికారులు, న్యాయాధిపతులు. వారి ఉత్తరములలో చాలామట్టుకు కాలిపోయెను, చివికిపోయెను. వాటికి కట్టిన సీసపు ముద్రలు మాత్రము వేలకొలది నిలిచినవి. అమెరికాలో వాషింగ్టన్ నగరమందలి డంబార్టన్ ఓక్స్ అను సంస్థ యొద్దనే దాదాపు 17,000 కలవు.

ముద్ర వేయు విధము వినదగినది. ఉత్తరము మడచి దారముతో కట్టుదురు. పోతపోసిన సీసపు బిళ్లలో అడ్డముగా సన్నని రంధ్రముండును. దారపు కొసలు అందులో దూర్చి, ఇనుప పట్టకారు వంటి పనిముట్టు దవడల నడుమ బిళ్లనుంచి, పైన సుత్తితో కొట్టుదురు. దవడలలో అక్షరములు తిరగవేసి చెక్కియుండును గనుక రెండు ప్రక్కలా ఒకేసారి అచ్చు పడును. సీసము నొక్కుకొని దారమును బిగబట్టును. ఇక దారము తెంపనిదే ఉత్తరము విప్పలేరు. మన పోస్టాఫీసులో ఇన్సూరు చేసిన కవరుమీద లక్క ముద్ర వేసినట్టే! చక్రవర్తికైతే బంగారు ముద్ర కూడ ఉండెడిది, ఉద్యోగికి సీసమే. (రోమా పోపుగారి శాసనమును ‘బుల్’ అనుటయు దానికి వ్రేలాడు ‘బుల్లా’ అను ఇట్టి బిళ్లను బట్టియే.)

ప్రోటోనోటారియోస్ అను ఉద్యోగిని చూడుడి. ‘థీమ్’ అనబడిన రాష్ట్రములో సేనాపతి యుద్ధము సంగతి చూచుకొనగా, ఇతడు సివిల్ ఉద్యోగి. లెక్కలు చూచుట, సైన్యము ఆ దారిన పోవునప్పుడు ధాన్యమును పశువులను సమకూర్చుట ఇతని పని. 9, 10 శతాబ్దముల నాటి ఇట్టివారి ముద్రలలో తరచు కనబడు రూపమిది: ఒక ప్రక్క మెట్లమీద నిలిచిన సిలువ, దాని చుట్టును గ్రీకులో “ప్రభువా, నీ దాసునికి సహాయము చేయుము” అను మాటలు. వెనుక ప్రక్క అతని పేరు, బిరుదు, ఉద్యోగము, రాష్ట్రము.

ఇవి రెండు వాక్యములు కావు, ఒక్కటే. సిలువ చుట్టు మొదలైన ప్రార్థన బిళ్ల తిరిగి, అతని హోదాతో ముగియును. ఇది వినయమా, డంబమా? మేము రెండు విధములను తలంచితిమి. ప్రమోషను వచ్చినవాడు కొత్త బిరుదుతో మరల ముద్ర చెక్కించుకొనును. అందుచేతనే ఒక్కొక్కని ఉద్యోగ చరిత్రను పండితులు ముద్రలను బట్టి కూర్చగలుగుచున్నారు. బిరుదు పెరిగినను, ఆ ప్రార్థన మరల మరల వచ్చుచునేయుండును.

మమ్మును కలతపెట్టినది వేరొకటి. పన్ను తగ్గించిన కాగితమునకును, బీదవాని ఎద్దును తోలుకొని పొమ్మన్న కాగితమునకును ఆ బిళ్లయే వ్రేలాడవలెను. దేనికి కట్టిరో బిళ్ల చెప్పదు.

మాకును ఒక ముద్ర ఉన్నది. రబ్బరుది, ఊదా రంగు సిరాతో వేయుదుము. మధ్యను సిలువ, చుట్టు సంఘము పేరు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తండ్రి తన కుమారుని బాప్తిస్మపు సర్టిఫికెట్టులో పుట్టిన తేదీని రెండేండ్లు వెనుకకు జరుపుమని వచ్చెను. ఉద్యోగమునకు వయస్సు చాలలేదట. “ఒక్క ముద్రే గదా అయ్యగారూ, పిల్లోడి బతుకు బాగుపడుద్ది” అనెను. ఇంట్లో అమ్మగారు కాఫీ తెచ్చి అక్కడే నిలుచుండిపోయెను. అతని మాట అబద్ధము కాదు, ఆ ఇంటికి ఆ జీతము ఎంతో అవసరము. మేము రిజిస్టరు తెరచి, ఉన్న తేదీ చూపి, ఆ తేదీతోనే వ్రాసి ముద్ర వేసి ఇచ్చితిమి. అతడు దానిని బల్లమీదనే విడిచి పోయెను.

ఆ కుటుంబమువారు ఇప్పుడు వేరొక సంఘమునకు వెళ్లుచున్నారు. కుమారుడు మాత్రము బజారులో కనబడినప్పుడు సైకిలు దిగి, “వందనాలు అయ్యగారూ” అనును.