జ్వరంలో వచ్చిన అతిథులు

2011లో మాల్దీవుల్లో డెంగీ తీవ్రంగా వ్యాపించింది. ఆ ఏడే నేను అక్కడి ఒక చిన్న ద్వీపంలోని పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడిగా చేరాను. పుట్టింది విజయనగరం బాబామెట్టలో. మాల్దీవుల వారంతా ముస్లిములే అయినా, వారి దివేహీ భాష నాకు రాదు. ఉర్దూలాగే కుడి నుంచి ఎడమకు సాగే వారి తానా లిపిని చూసి మొదట సంబరపడ్డాను. తీరా చూస్తే ఒక్క అక్షరమూ పట్టుబడలేదు. పెద్దవాళ్లతో నాకున్న ఉమ్మడి మాట సలాము ఒక్కటే.

రెండో నెలలో జ్వరం వచ్చింది. కళ్ల వెనుక పోటు, ఎముకలు విరిచినట్లు నొప్పులు. ఆరోగ్య కేంద్రంలో డెంగీ అని తేల్చారు. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేసుకోవద్దన్నారు. జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే ప్రమాదకరమనీ, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే రావాలనీ హెచ్చరించారు. అమ్మీకి ఫోనులో "బాగానే ఉన్నాను" అని అబద్ధమాడి, తలుపు వేసుకుని పడుకున్నాను. ఆమె కాచే చోడి అంబలి గుర్తుకొచ్చి కన్నీరు ఆగలేదు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. మస్జిద్ ఇమాము గారు, నా విద్యార్థులు ఇద్దరు, పొరుగింటి వృద్ధురాలు వచ్చారు. ఆమె చేతిలో గరుధియా అనే వేడి చేపల చారు ఉంది. ఇమాము గారు నుదుటిపై చేయి వేసి దుఆ చేశారు. పిల్లలు వసారాలోని బకెట్లలో నిలిచిన నీళ్లు పారబోశారు. కాసేపే కూర్చుని వెళ్లిపోయారు. మర్నాడూ వచ్చారు.

అయిదో రోజు జ్వరం దిగింది. కోలుకున్నాననుకుని, కడుపునొప్పి మొదలైనా ఆకలివల్లనేమో అనుకున్నాను. చారు తెచ్చిన వృద్ధురాలు నా ముఖం చూసి, మారుమాట లేకుండా వెళ్లి నర్సును పిలుచుకొచ్చారు. ఆ రాత్రి సెలైను ఎక్కించారు. అల్హమ్దులిల్లాహ్, బతికాను.

మంచం మీద నన్ను వేధించిన జ్ఞాపకం వేరు. అంతకు ముందు శ్రీకాకుళంలో నేను అద్దెకున్న గది పక్కనే ఒడిశా నుంచి వచ్చిన కూలీ ఒకాయన ఉండేవాడు. వారాల తరబడి రాత్రంతా దగ్గేవాడు. నిద్ర చెడిందని విసుక్కున్నానే గాని, ఒక్కసారీ తలుపు తట్టలేదు. ఒకనాడు ఆ గదికి తాళం కనిపించింది. ఏమయ్యాడో తెలియదు.

రోగిని పరామర్శించడం ముస్లిముపై సాటి ముస్లిముకున్న హక్కు అని దైవప్రవక్త (సఅసం) బోధించారు. జబ్బుపడిన యూదు బాలుణ్ణి సయితం ఆయన స్వయంగా వెళ్లి చూశారు. ఈ హదీసులు నాకు చిన్ననాడే తెలుసు. తెలిసీ ఆ తలుపు తట్టలేదు.

ఇప్పుడు విజయనగరంలోనే ఉంటున్నాను. మా వీధి అద్దెగదుల్లో ఎవరికైనా ఒంట్లో బాగులేదని తెలిస్తే అమ్మీ గిన్నెలో అంబలి పోసి ఇస్తుంది. నేను పట్టుకెళ్లి తలుపు తడతాను. ఎక్కువసేపు కూర్చోను.