క్యాంపువాళ్ళ గుడారం

రాయచూరు జిల్లాలో సింధనూరు, మాన్వి తాలూకాలు తిరిగినవారికి ఒక సంగతి వింతగా తోస్తుంది. కాలువ వెంబడి ఊరి తరువాత ఊరు, పేరు చివర "క్యాంపు" అనే మాట తగిలించుకుని కనిపిస్తుంది. మేడలుంటాయి, రామాలయం ఉంటుంది, బడి ఉంటుంది, చుట్టుపక్కల రైసుమిల్లులుంటాయి. అయినా అది క్యాంపే. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, ఎడమ కాలువ ఇటు సాగుతున్న రోజుల్లో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడి ఎకరం అమ్ముకుని ఇక్కడ నాలుగైదు ఎకరాలు కొనుక్కుని వచ్చారు. నల్లరేగడిలో పాకలు వేసుకుని, తేళ్ళతో, మలేరియాతో కాపురాలు చేశారు. నాలుగు రోజుల మకాం అనుకుని పెట్టిన పేరు డెబ్బై ఏళ్ళయినా ఊడిరాలేదు. తూర్పు పాకిస్తాను నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు సింధనూరు దగ్గర కట్టిన ఊళ్ళు కూడా క్యాంపులే అయినాయి.

మేమిద్దరం అటువంటి ఊళ్ళలోనే పుట్టాం. ఒకరిది ఈ క్యాంపు, మరొకరిది నాలుగు మైళ్ళ అవతలి క్యాంపు. అలాంటి మేము గుడారం వేసుకుని దేశం తిరుగుతామంటే వీధి వీధంతా నవ్వింది. "తాతలు పడ్డ పాట్లు చాలలేదా?" అన్నారు పెద్దవాళ్ళు. గుడారం మాది కాదు, బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయిది. స్నేహితులతో కొండలెక్కడానికని కొని, ఒక సెలవుల్లో మా అటకమీద పెట్టి మరిచిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా మాకొక కోరిక కలిగేది. వాన అనేది నిజంగా పడేచోట నాలుగు రాత్రులు గడపాలని.

మా జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 25 అంగుళాలు; అదీ మేఘుడికి మనసు పుడితే. పడమటి కనుమల అంచున ఉన్న అగుంబెలో ఏటా 300 అంగుళాలకు అటూ ఇటూగా పడుతుంది. ఆ కనుమల వానే తుంగగా, భద్రగా దిగివచ్చి మా కాలువలో పారుతుంది. అన్నం పెట్టే తల్లి పుట్టిల్లు ఒక్కసారైనా చూసి రావద్దూ?

నాట్లు పడ్డాయి, నీరు చూసుకోవడానికి తమ్ముడున్నాడు. 2024 ఆగస్టు 8, గురువారం తెల్లవారుజామున బయలుదేరాం. కారు వెనక గుడారం, రెండు దుప్పట్లు, ఒక టార్పాలిన్, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, ఆవకాయ జాడీ, గొంగళి. గొంగళి ఎందుకని అడిగినవారికి చెప్పేదేమంటే, వానలో రబ్బరు కోటుకన్నా మన ఉన్ని గొంగళి మేలు. తడిసినా వెచ్చగానే ఉంటుంది.

దారి ఎంచుకోవడంలో కొంత ఆలోచన చేయవలసి వచ్చింది. హుబ్బళ్ళి నుంచి అంకోలా దిగడం సులువే. కాని జూలై 16న అంకోలా దగ్గర శిరూరులో కొండ చరియ జాతీయ రహదారిమీదికి విరిగిపడి, టీ దుకాణం కుటుంబంతో సహా పలువురి ప్రాణాలు పోయాయి. ఆగస్టు 7 తెల్లవారేలోగా కార్వారు వద్ద కాళీ నదిమీది పాత వంతెన కూలి ఒక లారీ నదిలో పడింది. డ్రైవరు అదృష్టవశాత్తూ బతికాడు. అందుచేత ఉత్తరాన ఉన్న ఆ సముద్రతీరం మానుకుని, శిరసి, జోగుల మీదుగా హొన్నావరం దిగి దక్షిణంగా పోదామనుకున్నాం.

గంగావతి దాటాక మునిరాబాదు దగ్గర ఆగి ఆనకట్ట చూశాం. నిండుకుండ. 33 గేట్లలో కొన్నిటిని ఎత్తి నీళ్ళు వదులుతున్నారు. ఈ జలాశయం కట్టిన కొత్తలో 133 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు 105 చిల్లరకు తగ్గింది. అయినా ఆ ఏడు అది నిండింది కనుక, రెండు పంటలకూ దిగులు లేదని కాలువ చివరి మాన్వి, రాయచూరు వాళ్ళు కూడా సంబరపడుతున్న సమయం. చివరి ఊళ్ళవాళ్ళు సంబరపడ్డారంటే ఆ ఏడు నిజంగా మంచి ఏడే అన్నమాట. సుమారు 225 కిలోమీటర్ల కాలువ. మొదట ఉన్నవాడు తాగగా మిగిలిందే చివరివాడికి.

గదగు, హుబ్బళ్ళి దాటేవరకు మనకు తెలిసిన నేలే. ముండగోడు చేరేసరికి చెట్లు చిక్కబడ్డాయి. అక్కడ 1966 నుంచి టిబెట్టువారు స్థిరపడి ఉన్నారు. వాళ్ళ ఊళ్ళకూ క్యాంపులనే పేరు, పైగా నంబర్లు! టీ కొట్టులో ఒక ముసలి లామాగారికి మాదీ క్యాంపేనని చెబితే, "నంబరెంత?" అని అడిగారు. నంబరు లేదంటే మామీద జాలిపడ్డట్టు కనిపించింది.

ఆ రాత్రి సిద్ధాపురం దగ్గర ఒక వక్కతోట యజమాని, ఆకులు ఆరబెట్టే కొట్టంలో గుడారం వేసుకోనిచ్చాడు. మర్నాడు జోగు జలపాతం చూశాం. శరావతి 830 అడుగులు దూకుతుంది కాని, మేమున్న గంటలో ముప్పావు గంట మంచే కనిపించింది. మంచు తొలగిన నాలుగు నిమిషాలు చాలు. ఆ తరువాత కనుమ దిగుతుంటే నీళ్ళు రోడ్డుకు కుడివైపునుంచి, ఎడమవైపునుంచి, కొన్నిచోట్ల రోడ్డుమీదనుంచి కూడా పారుతున్నాయి. ఇంత నీరూ ఎక్కడికి పోతుందని లెక్క చూశాం. శరావతి నడక మొత్తం 130 కిలోమీటర్లు లేదు. పుట్టిన కొండ దిగి హొన్నావరంలో సముద్రంలో కలిసిపోతుంది. ఒక్క వక్కతోటకో రెండు మళ్ళకో తప్ప దారిలో తడపడానికి నేల ఏదీ? కరెంటు మాత్రం బోలెడు పుట్టిస్తుంది, అది ఒప్పుకోవాలి.

మా అసలు మజిలీ మరవంతె. అక్కడ జాతీయ రహదారికి ఒకపక్క అరేబియా సముద్రం, మరొకపక్క సౌపర్ణికా నది. మధ్యన దారి. వానకాలంలో సముద్రపుటొడ్డున గుడారం వేయడం తెలివితక్కువ పని. అలలు రోడ్డు పక్కన పోసిన రాళ్ళమీదికి విరుచుకుపడుతున్నాయి. నదివైపు ఒక కొబ్బరితోటలో ఇల్లు కనిపిస్తే వెళ్ళి అడిగాం. ఇంటామెకు అరవై ఏళ్ళుంటాయి. మా రాయచూరు కన్నడం ఆమెకు సగం, ఆమె కుందాపుర కన్నడం మాకు సగం అర్థమైంది. ఇల్లుండగా గుడ్డకింద పడుకోవడమేమిటని ఆమెకు పట్టరాని ఆశ్చర్యం. "మా ఊరి పేరే క్యాంపమ్మా" అంటే పగలబడి నవ్వి, పశువుల కొట్టం పక్కన ఎత్తైన చోటు చూపించింది.

ఆ రోజు నాగరపంచమి. మనవాళ్ళకు నాగుల చవితి కార్తికంలో అయితే, ఈ తీరంలో శ్రావణంలో నాగరాళ్ళకు పాలూ, లేతకొబ్బరి నీళ్ళూ పోస్తారు. పచ్చి పసుపాకుల్లో బియ్యప్పిండి పట్టించి, లోపల కొబ్బరీ బెల్లమూ పెట్టి ఆవిరిమీద ఉడికించిన కడుబులు ఆమె మాకు పెట్టింది. ఆకు విప్పగానే వచ్చే వాసన గురించి ఎంత రాసినా తక్కువే. అన్నం మాత్రం వాళ్ళది కుచ్చలక్కి, ఎర్రని ఉప్పుడుబియ్యం. ఒక్కొక్క మెతుకూ చింతగింజంత. సోనామసూరి పండించే మేము దాన్నీ, మేము వండిన అన్నాన్ని ఆమే ఒకరికొకరం అనుమానంగా చూసుకున్నాం.

ఇంటి ముందు మడిలో వరి ఏపుగా ఉంది. నీరు ఏ కాలువదని అడిగాం. "కాలువెందుకు? పైనుంచి పడుతుందిగా" అంది. ఎన్నో తడికి వంతు వస్తుందని, రాత్రిపూట కావలి ఎవరని, పైవాడు తూము ఎక్కువ తెరిస్తే ఏం చేస్తారని అడగబోయి మానేశాం. మా ఊళ్ళో సగం తగాదాలకు మూలమైన విషయం ఆ ఊళ్ళో ఉన్నట్టే లేదు. అయితే ఆమె పెద్దకొడుకు చేపల పడవ మీద పోతాడు. జూన్, జూలై నెలల నిషేధం తీరి, గంగొళ్ళి రేవునుంచి పడవలు బయలుదేరి పది రోజులైనా కాలేదు. ఆ గాలికి ఆమెకు ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు. వాన ఎవరి వంతు వాళ్ళకు దిగులు పెడుతుంది.

వాన చప్పుడు గుడారంలో వినాలి. మేడలో వినే వాన వేరు. తలకు రెండడుగుల ఎత్తున, మొదట మినుములు చల్లినట్టు, తరువాత బస్తాలు కుమ్మరించినట్టు, ఒకపట్టున ఆగి కొబ్బరి మట్టలనుంచి ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టినట్టు. శుక్రవారం రాత్రీ, శనివారం రాత్రీ అలా పడుకున్నాం. ముప్పై ఏళ్ళ కాపురంలో మేమిద్దరం పొలం మాట, అప్పు మాట లేకుండా గడిపిన రాత్రులు అవి రెండే కావచ్చు.

ఆదివారం, ఆగస్టు 11, పొద్దున్నే తమ్ముడు ఫోను చేశాడు. "అన్నయ్యా, రాత్రి డామ్ గేటు కొట్టుకుపోయిందట. పందొమ్మిదోది."

శనివారం రాత్రి 19వ గేటు గొలుసు తెగింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తుగల ఇనుప పలక నదిలోకి పోయింది. ఒక్క ఆ ఖాళీలోంచే 35 వేల క్యూసెక్కులు పోతున్నాయని, కట్టమీద బరువు తగ్గించడానికి మిగిలిన గేట్లూ ఎత్తారని, మరో పలక దింపాలంటే 60 టీఎంసీల దాకా వదిలేయాలేమోనని వార్తలు. పొద్దున్నదాకా మాకు సంగీతంలా వినిపించిన నీటి చప్పుడు, ఆ మాటతో మరోలా వినిపించసాగింది.

మా ఇద్దరిలో ఒకరు వెంటనే ఇంటికి పోదామన్నారు. రెండోవారు, "పోయి గేటుకు మనం అడ్డం పడుకుంటామా? పోయిన నీళ్ళు పోయాయి. ఇక వచ్చే నీళ్ళే దిక్కు. అవి ఎక్కడినుంచి వస్తాయో అక్కడికే పోదాం" అన్నారు. ఎవరేమన్నదీ ఇక్కడ రాయం. ఇంట్లో ఇప్పటికీ దీనిమీద చర్చ ఉంది. తడి గుడారం చుట్టుకుని, ఉడుపి దారిన పోయి, హెబ్రి మీదుగా అగుంబె కనుమ ఎక్కాం.

ఆ కనుమలో పద్నాలుగు మలుపులు. పైకెక్కాక పడమట పడిన చినుకు సీతానదిలో చేరి అరేబియా సముద్రానికి పోతుంది. తూర్పున పడిన చినుకు మాలతీ నదిలో చేరి, తీర్థహళ్ళి దగ్గర తుంగలో పడి మన దారి పడుతుంది. నడుమ తేడా కొద్ది మైళ్ళు. ఇంకా దక్షిణాన వరాహ పర్వతంమీద గంగామూలం ఉంది. తుంగ, భద్ర, నేత్రావతి మూడూ అక్కడే పుట్టాయి. అక్కచెల్లెళ్ళలో ఇద్దరిని తూర్పుకిచ్చారు, నేత్రావతిని మంగుళూరు వైపుకిచ్చారు. ఆమె కూడా ఇటే వచ్చి ఉంటేనా అని మాకు అనిపించడం సహజం. మంగుళూరు వాళ్ళు క్షమిస్తారు గాక.

అగుంబెలో ఆ సాయంత్రం సన్నని తుంపర. హోటలాయన, "జూలైలో కురిసిందండీ వాన అంటే! ఇప్పుడు తగ్గింది" అని సంతోషంగా చెప్పాడు. ఆ సంతోషం మాకు గుండెలో గునపమైంది. ఇక్కడ తగ్గితే అక్కడ జలాశయం మళ్ళీ నిండేదెలా? కాఫీ తాగుతూ ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాం. ఏడు గంటలకు గాలి మళ్ళింది, తరువాత రేకుల కప్పుమీద మాటలు వినపడనంతగా పడింది. ఆ వానలో గొంగళి కప్పుకుని వీధిలోకి పోయి నిలబడ్డ ఇద్దరు నడివయసువాళ్ళను చూసి ఆయన ఏమనుకున్నాడో తెలియదు.

రాత్రికి శృంగేరి చేరి, గుడారం మాట మరిచి సత్రంలో పడుకున్నాం. పొద్దున్నే తుంగ ఒడ్డుకు పోయాం. ఘాట్ మెట్లు చాలావరకు నీటిలో మునిగి, నది ఎర్రగా, వడిగా పోతోంది. రోజూ తూములో జానెడు లోతున చూసే నీళ్ళు! పసుపు కుంకుమలు వేసి దణ్ణం పెట్టాం. అక్కడినుంచి శివమొగ్గ దగ్గరి కూడలి చూశాం. తుంగ, భద్ర కలిసి ఒకటయ్యే చోటు అది. అక్కడినుంచి 531 కిలోమీటర్లు నడిచి తుంగభద్ర సంగమేశ్వరం వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ రెండు నదుల నడుమ నేల కోసమే బహమనీలూ, విజయనగరమూ తరాల తరబడి కొట్టుకున్నారు. 1520లో రాయచూరు కోట దగ్గర కృష్ణదేవరాయలు గెలిచిందీ దానికోసమే. ఎక్కడెక్కడి వాన ఎవరెవరి తలరాత రాసిందో చూడండి.

ఇంటికి చేరేసరికి ప్రతి అరుగుమీదా ఒకటే మాట. వేసిన నాట్లకు నీళ్ళుంటాయి, రెండో పంట మాత్రం వదులుకోవాలన్నారు కొందరు. గేట్ల నిపుణుడు ఎన్. కన్నయ్య నాయుడు గారి సలహాతో, మొదట భయపడినన్ని నీళ్ళు వదలకుండానే, పారుతున్న ప్రవాహంలోకే ఇనుప పలకలు ఒకదానిమీద ఒకటి దింపారు. ఆగస్టు 17 నాటికి ఖాళీ మూసుకుపోయింది. ఆ రోజు మా రామాలయంలో పానకం పంచారు. కనుమల్లో మళ్ళీ వానలు పడ్డాయి. సెప్టెంబరులో జలాశయం తిరిగి నిండింది.

కోతలయ్యాక పాతిక కిలోల సోనామసూరి బస్తా మరవంతె ఇంటామెకు బస్సులో వేశాం. పది రోజులకు ఫోను చేసింది. బియ్యం వెంట్రుకల్లా ఉన్నాయని, పొద్దున తింటే పది గంటలకే ఆకలేస్తోందని, పాయసానికి మాత్రం బాగున్నాయని చెప్పింది. కొడుకు క్షేమంగా ఉన్నాడట.