కొసరుగా సముద్రం

మా కోటవురట్లకి సముద్రం మరీ దూరమేం కాదు. అడ్డరోడ్డు దాటి ఎస్.రాయవరం వైపు పోతే రేవుపోలవరం వచ్చేస్తుంది. మాఘ పౌర్ణమి స్నానాలకి ఊళ్ళకి ఊళ్ళు అటే కదులుతాయి. అయినా ఊరికే సముద్రం చూసొద్దామని ఇల్లు కదిలేవాళ్ళు మా వైపు తక్కువ. పుణ్యమైనా దక్కాలి, లేదా ఒడ్డున చుట్టమైనా ఉండాలి.

మాకు భీమిలిలో పెద్దత్త ఉంది. శనివారం పొద్దున్నే బయల్దేరి, విశాఖలో బస్సు మారి, రుషికొండ దాటితే కుడిచేతి వైపు నీలం, ఎడంచేతి వైపు తొట్లకొండ. ఒళ్ళో బరువైన సంచి. అందులో అనకాపల్లి బెల్లం, పెరటి ములక్కాడలు, తోటలో జీడిపప్పు. ఉత్త చేతులతో చుట్టాలింటికి వెళ్ళడం మా ఇంటా వంటా లేదు.

గుమ్మంలో అడుగు పెడుతూనే పిల్లలు "బీచికెళ్దాం" అంటారు. "సముద్రం ఎక్కడికి పోద్దిరా, ముందు తినండి" అంటుంది అత్త. ఆ ఇంట్లో మాటంటే ఆవిడదే. మావయ్య అప్పటికే రేవుకి పోయి కానాగంతలు తెచ్చి ఉంటాడు. అత్త వాటిని ఉప్పేసి రుద్ది రుద్ది కడుగుతుంది. చింతపండు పులుసు మరిగాక ముక్కలేసిన దగ్గర్నుంచి గరిటె ముట్టదు. దాకని గుడ్డతో రెండు చేతులా పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి దించుతుంది, ముక్క చెదరదు. పులుసంతా రాత్రికే అయిపోతే ఊరుకోదు, పొద్దున్న చద్దన్నంలోకి ఉండాల్సిందే. వేసవి సెలవుల్లో వెళ్తే కథ మారుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. అప్పుడు డబ్బాలోంచి ఎండు నెత్తళ్ళు తీసి వంకాయతో వండుతుంది. పచ్చిచేప లేదన్న దిగులు మొదటి ముద్దతో పోతుంది.

ఎండ తగ్గాక, అందరూ ఓ కునుకు తీసి లేచాక, అప్పుడు సముద్రం. పిల్లలు నీళ్ళలోకి ఉరుకుతారు. మావయ్య సముద్రానికి వీపు పెట్టి ఇసకలో కూర్చుని, "ఈ ఏడు చెరుకు ఎలాగుందిరా?" అంటాడు. నేను కెరటాల్ని చూస్తూ చెరుకు గురించి చెప్తాను. ఆయనకి అలలు రోజూ ఉండేవే. చెరుకు కబురు మోసుకొచ్చేవాడే ఎప్పుడో గానీ రాడు.

ఇంగ్లండువాళ్ళ సముద్రం వేరేగా మొదలైంది. 18వ శతాబ్దంలో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు ఉప్పునీళ్ళలో మునగమనీ, ఆ నీళ్ళు తాగమనీ కూడా రోగులకి చెప్పేవాడు. దాంతో సముద్రపు ఒడ్డునున్న బ్రైటన్ ఊరి పేరు పెరిగింది. 1841లో లండన్ నుంచి రైలు వచ్చింది, 1871లో చట్టం చేసి బ్యాంకు సెలవులిచ్చారు. ఇంకేం, జనం ఒడ్డుకి విరగబడ్డారు. అద్దె గదులిచ్చే ఇంటావిడలు వెలిశారు. పొద్దున్న ఫలహారం పెట్టేదీ ఆవిడే, బిల్లు చేతికిచ్చేదీ ఆవిడే. మా అత్త ఈ మాట వింటే తింటున్న కంచం ముందునుంచి లేచిపోతుంది.

చుట్టం లేకుండా భీమిలి వచ్చినవాళ్ళూ ఉన్నారు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు సరుకు కోసం ఓడల్లో వచ్చి, కోట కట్టుకుని, 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళ చేతుల్లో పెట్టి పోయారు. పోనివాళ్ళు శ్మశానంలో ఉన్నారు. కూచిగా పైకి లేచిన సమాధులు, రాతిపలకల మీద మనకి చదవరాని పేర్లు. 1861 నాటికే మునిసిపాలిటీ అయిన ఊరిది. అంత చరిత్రనీ మావయ్య ఆ శ్మశానం గోడ పక్కగా నడుస్తూ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "పాపం, అంత దూరంనుంచొచ్చేరు, భోజనానికి రమ్మన్నోడు లేడు."

ఆయన లెక్క అదే, నా లెక్కా అదే. చుట్టరికం అసలు, సముద్రం కొసరు. ఆదివారం సాయంత్రం ఇంటిముఖం పట్టేటప్పుడు కెరటాలెలా ఉన్నాయని మమ్మల్ని ఎవరూ అడగరు. కోటవురట్లలో అమ్మ అడిగేది అత్త మోకాళ్ళ నొప్పుల గురించి, మావయ్య బీపీ గురించి, వాళ్ళ చిన్నదాని సంబంధం గురించి. వాటికి జవాబు లేకుండా వస్తే భీమిలి వెళ్ళినట్టే కాదు.

ఇప్పుడు ఆ రోడ్డు పొడుగునా రిసార్టులొచ్చాయి. మా కుర్రాళ్ళు, "అత్తమ్మని ఇబ్బంది పెట్టడం ఎందుకు, రూము తీసుకుందాం" అంటున్నారు. తీసుకోవచ్చు. అప్పుడు సముద్రం అసలవుతుంది, అత్త కొసరవుతుంది. కిటికీ తీస్తే కెరటాలు కనిపిస్తాయి గానీ, పొద్దున్న చద్దన్నంలోకి పులుసు దాచి ఉంచేవాళ్ళు ఎవరూ ఉండరు. పైగా ఆ సంగతి అత్తకి తెలిస్తే, మళ్ళీ సంక్రాంతి దాకా మా గుమ్మం తొక్కదు.