నాన్న మనసులో 20 వేలు

మా ఎకనామిక్స్ ఎలెక్టివ్‌లో నాకు గుర్తుండిపోయిన పేర్లు రెండే: కానెమన్, ట్వెర్‌స్కీ. ఇద్దరూ సైకాలజిస్టులు! 1979లో వాళ్ళు చెప్పిందేంటంటే, డబ్బు దగ్గర మెదడు చేతికి ఎంత వస్తుందో చూడదు; మనసులో పెట్టుకున్న అంకెకి ఎంత పైన, ఎంత కింద అని కొలుస్తుంది. లాభం ఇచ్చే ఆనందం కన్నా అంతే నష్టం పెట్టే బాధ చాలా ఎక్కువ. పైగా, కొంత ఖాయంగా పోగొట్టుకోవడం కన్నా జూదమే నయమనిపిస్తుంది.

మా నాన్న మనసులో అంకె 20 వేలు. నిరుడు క్వింటా మిర్చి అంతకి అమ్మాడు. ఈ ఏడు గుంటూరు యార్డులో 12 వేలే అన్నారు. అంతే, 40 టిక్కీలూ కోల్డ్ స్టోరేజీలో పెట్టేశాడు. "ఎనిమిది వేలు పోగొట్టుకుని ఎట్టా అమ్మేదిరా?" అంటాడు. అసలు వస్తేగా పోవడానికి! ఫోన్లో థియరీ మొత్తం చెప్పా. "మీ సారొచ్చి కౌలు కడతాడా?" అన్నాడు. సబబైన ప్రశ్నే. రేపటి రేటు ఏ థియరీ చెప్పదు.

అమ్మ మాత్రం నూటికి రెండు రూపాయల వడ్డీ, స్టోరేజీ అద్దె గుర్తుచేసి, "ఇయ్యాల మన దగ్గర సరుకు లేదు, డబ్బుంది అనుకోండి. పన్నెండు వేలు పెట్టి కొని దాస్తారా?" అని అడిగిందంట.

నాన్న ఏం మాట్లాడలేదట. తెల్లారి 15 టిక్కీలు యార్డుకి తోలాడు. మిగతా 25 ఇంకా లోపలే ఉన్నాయి.